ఫాంటసీ ఆటల్లో పాత్ర వర్గాల పేర్లు

రోల్ ప్లేయింగ్ ఆటకు కొత్తగా కూర్చున్న మనిషి ముందుగా తేల్చుకోవలసింది తన క్లాస్ ఏమిటన్నది. క్లాస్ అంటే పాత్ర వర్గం. పాత్ర ఏ ఆయుధం పట్టగలదు, ఏ మంత్రాలు వేయగలదు, ఎన్ని దెబ్బలకు తట్టుకుంటుంది, అనుభవం పెరిగేకొద్దీ ఏ శక్తులు వస్తాయి అన్నవన్నీ దాన్నిబట్టే ఉంటాయి. నియమాల పుస్తకం వీటిని పేజీలకు పేజీలు వివరిస్తుంది. ఆటగాడి కంట ముందు పడేది మాత్రం ఒక్క మాటే: ఫైటర్, విజర్డ్, థీఫ్, పాలడిన్, బార్బేరియన్. ఆ మాట అతని మనసులో ఒక రూపాన్ని, ఒక నడవడిని, ఒక నీతిని నిలబెట్టేస్తుంది. తర్వాత చదివే నియమాలు దానికి లోబడే అర్థమవుతాయి. పేరుకూ నియమానికీ పొత్తు కుదరని చోట ఆటగాళ్ళు తరచుగా పేరునే నమ్ముతారని ఈ ఆటల యాభై ఏళ్ళ చరిత్ర చూపుతోంది.

మొదటి మూడు పేర్లు

1974లో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రాసిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ ఆటలు మొదలయ్యాయి. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి టీఎస్ఆర్ సంస్థ దాన్ని ప్రచురించింది. బొమ్మ సైనికులతో ఆడే యుద్ధక్రీడల కడుపున పుట్టిన ఆట కనుక పేర్లలోనూ ఆ సైనిక పట్టికల పొడితనం కనిపిస్తుంది. అప్పటి క్లాసులు మూడే: ఫైటింగ్ మ్యాన్, మ్యాజిక్ యూజర్, క్లెరిక్.

ఫైటింగ్ మ్యాన్ అన్నది ఎడ్గర్ రైస్ బరోస్ అంగారక గ్రహం నవలలు చదివినవారికి చిరపరిచితమైన మాట. అందులోని పురుషవాచకం ఆడవాళ్ళను బయట నిలబెట్టింది. 1976లో డ్రాగన్ పత్రిక మూడో సంచికలో స్త్రీ పాత్రల కోసం వేరే నియమాలు, వేరే బిరుదులు, అందానికి ప్రత్యేకంగా ఒక కొలత ప్రతిపాదిస్తూ వ్యాసం వచ్చింది. పేరు మగవాడిది అయినప్పుడు ఆడది మినహాయింపుగా మారుతుందనడానికి అంతకన్నా స్పష్టమైన ఉదాహరణ ఈ చరిత్రలో లేదు. 1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో ఆ క్లాస్ పేరు ఫైటర్‌గా స్థిరపడింది.

మ్యాజిక్ యూజర్ ఇంకా వింతైన పేరు. కథల్లో ఏ మంత్రగాడూ తనను అలా పిలుచుకోడు. అంత రంగులేని మాట ఎందుకు పెట్టారో పక్కనున్న పట్టిక చూస్తే తెలుస్తుంది. అప్పట్లో ప్రతి లెవెల్‌కూ ఒక బిరుదు ఉండేది. మంత్రవిద్యలో మొదటి మెట్టు మీడియం, తర్వాత సీర్, కాంజ్యురర్, అలా ఎక్కుతూ వార్‌లాక్, సోర్సరర్, నెక్రోమాన్సర్, పదకొండో మెట్టున విజర్డ్. మంచి పేర్లన్నీ మెట్లకు ఖర్చయిపోయాయి కనుక మొత్తం వర్గానికి ఒక గుమాస్తా మాట మిగిలింది. 1989 నాటి రెండో ఎడిషన్ బిరుదులను తీసేసి మేజ్ అన్న పేరు తెచ్చింది. 2000లో మూడో ఎడిషన్ విజర్డ్‌ను క్లాస్ చేసి, సోర్సరర్‌ను పక్కన వేరే క్లాస్‌గా కూర్చోబెట్టింది. 2004లో వార్‌లాక్ కూడా విడిపోయి, 2008కల్లా ప్రధాన పుస్తకంలోకి చేరింది. ఒకే నిచ్చెన మెట్లుగా ఉన్నవి వేర్వేరు మనుషులయ్యాయి. విజర్డ్ పుస్తకాలు చదివి నేర్చుకున్నవాడు, సోర్సరర్ పుట్టుకతో శక్తి వచ్చినవాడు, వార్‌లాక్ ఏదో అతీతశక్తితో ఒప్పందం చేసుకున్నవాడు. ఈ తేడాలు పురాణకాలం నుంచీ ఉన్నట్టు ఈనాటి ఆటగాళ్ళు వాదించుకుంటారు. నిజానికి ఇవి ఖాళీగా మిగిలిపోయిన మాటలకు తర్వాత పోసిన ప్రాణాలు.

ఫైటర్ బిరుదుల్లో గమనించదగ్గ విషయం ఇంకొకటుంది. ఒకటో లెవెల్ ఫైటర్‌ను వెటరన్ అనేవారు, అంటే యుద్ధాల్లో ఆరితేరినవాడని. నాలుగో లెవెల్‌కు హీరో, ఎనిమిదికి సూపర్ హీరో. ఒక్క గట్టి దెబ్బకే నేలకూలే పాత్ర కూడా ఆ బిరుదు వల్ల పసివాడిలా కాక అనుభవశాలిలా ప్రవర్తించేది. బిరుదులు పోయాక మొదటి లెవెల్ అంటే ఊరు విడిచి తొలిసారి బయల్దేరిన కుర్రవాడన్న భావన బలపడింది. ఆ మార్పు ఆటకు నష్టమే చేసిందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

క్లెరిక్ సంగతి వేరు. ఆర్నెసన్ బృందంలో ఒక రక్తపిశాచి పాత్ర ఆగడాలకు విరుగుడుగా, హామర్ సంస్థ భయానక చిత్రాల్లోని వాన్ హెల్సింగ్ నమూనాలో అది రూపుదిద్దుకుంది. పేరు మాత్రం చర్చి నుంచి వచ్చింది. దాని బిరుదుల్లో బిషప్ పక్కనే లామా కూడా ఉన్నాడు. పిశాచాలను వేటాడే సాహసిగా పుట్టిన పాత్ర, పేరు పుణ్యమా అని, గాయపడినవాళ్ళకు సేవచేసే పూజారిగా ముద్రపడింది. జట్టులో ఎవరో ఒకరు క్లెరిక్ ఆడక తప్పదన్న నిట్టూర్పు దశాబ్దాలపాటు ఆటబల్లల దగ్గర వినిపించింది. మూడో ఎడిషన్‌లో క్లెరిక్, డ్రూయిడ్ నియమాల ప్రకారం అందరికన్నా బలమైన క్లాసుల్లో చేరాయి. లెక్కలు తెలిసిన ఆటగాళ్ళు వాటికి కోడ్‌జిల్లా అని ముద్దుపేరు కూడా పెట్టారు. అదే ఎడిషన్‌లో పై లెవెళ్ళకు చేరిన ఫైటర్ మంత్రగాళ్ళ ముందు వెలవెలబోయేవాడు. అయినా బలవంతుడి పేరు ఫైటర్‌ది, సేవకుడి పేరు క్లెరిక్‌ది. డీ అండ్ డీ బియాండ్ అనే డిజిటల్ సేవలో తయారైన పాత్రల లెక్కలు 2017లో పత్రికలకెక్కినప్పుడు, అన్నిటికన్నా ఎక్కువగా కనిపించిన జోడీ మనిషి జాతి ఫైటర్. అప్పటికి నడుస్తున్న అయిదో ఎడిషన్‌లో ఫైటర్ నియమాలు మెరుగుపడిన మాట నిజమే. కానీ ఏ వివరణా అడగని పేరు కొత్తవారిని ఎంతగా పిలుస్తుందో కూడా ఆ లెక్కలో ఉంది.

థీఫ్ తెచ్చిన చిక్కు

1975లో గ్రేహాక్ అనుబంధ పుస్తకం థీఫ్‌ను ప్రవేశపెట్టింది. తాళాలు తీయడం, ఉచ్చులు విప్పడం, చప్పుడు కాకుండా నడవడం, నీడల్లో నక్కడం వంటి పనులకు శాతాల పట్టిక ఇచ్చింది. అప్పటిదాకా ఈ పనులన్నీ ఎవరైనా ప్రయత్నించేవారే. ఏం చేస్తున్నారో నోటితో వర్ణిస్తే ఆట నడిపే రెఫరీ ఫలితం చెప్పేవాడు. నక్కి నడవడం థీఫ్ అనే పేరు కిందికి చేరగానే ఫైటర్ ఆడేవాడు అది తన పని కాదనుకోవడం మొదలుపెట్టాడు. నియమం అతన్ని ఆపలేదు. ఇంకొకరి పేరు ఆపింది. క్లాస్ పేరు తన పాత్రకు ఇచ్చే చొరవ గురించి అందరూ మాట్లాడతారు. అది మిగతా పాత్రల చుట్టూ గీసే గీత గురించి తక్కువ మాట్లాడతారు, నిజానికి ఆట నడకను ఎక్కువగా మార్చేది అదే.

పేరు మోసుకొచ్చిన నీతి రెండో చిక్కు. జట్టులోని థీఫ్ తోటివారి సంచుల్లోంచే రత్నాలు కాజేయడం, పట్టుబడితే నా పాత్ర దొంగ కదా అనడం పాత ఆటగాళ్ళందరికీ తెలిసిన తగువు. 1981 నాటి బేసిక్ నియమాల పుస్తకం, పేరుకు తగ్గట్టు వీళ్ళు దొంగతనం చేస్తారనీ, అప్పుడప్పుడు సొంత జట్టు సభ్యుల నుంచి కూడా తీస్తారనీ నేరుగా చెప్పింది. పేరులోంచి ప్రవర్తన ఎలా పుడుతుందో నియమాల పుస్తకమే ఒప్పుకున్న అరుదైన చోటు అది. అదే జాబితాలోని శక్తులకు గూఢచారి అనో, నిధుల అన్వేషకుడు అనో పేరు పెట్టి ఉంటే ఆ తగువుల్లో చాలావరకు పుట్టేవే కావు.

రెండో ఎడిషన్ థీఫ్‌ను, బార్డ్‌ను కలిపి రోగ్ అనే పెద్ద గుంపులో వేసింది. 2000లో జోనథన్ ట్వీట్, మాంటీ కుక్, స్కిప్ విలియమ్స్ రూపొందించిన మూడో ఎడిషన్ క్లాస్ పేరునే రోగ్‌గా మార్చేసింది. ఉచ్చులు, తాళాలు అలాగే ఉన్నాయి. నైపుణ్యాల జాబితా విస్తరించింది. అయితే ఆటగాళ్ళ ఊహ అంతకన్నా ఎక్కువ విస్తరించింది. రాయబారి, దారి చూపేవాడు, వలవేసి పట్టే పోలీసు, నాటకాల నటి, అందరూ రోగ్ కిందికి వచ్చారు. ఆంగ్ల పాఠకుడికి ఆ మాటలో కొంటెతనం, కాస్త ఆకర్షణ వినిపిస్తాయి. తెలుగు ఇంట్లో పెరిగినవాడికి మాత్రం రోగ్ అన్నది పచ్చి తిట్టు, దొంగ కన్నా ఏమంత మెరుగు కాదు. విజర్డ్ విషయంలోనూ అంతే. 1951 నాటి పాతాళ భైరవిలో ఎస్.వి. రంగారావు నేపాళ మాంత్రికుడిని చూసిన జనానికి మంత్రగాడంటే ముందు తోచేది ప్రతినాయకుడు, జట్టులోని పెద్దమనిషి కాదు.

పేరు ఒక్కటే మారితే మనుషుల తీరు మారుతుందా అన్న ప్రశ్నకు ఫాంటసీ ఆటల బయట గట్టి ఆధారం ఉంది. వర్దా లీబర్‌మన్, స్టీవెన్ శామ్యూల్స్, లీ రాస్ 2004లో ప్రచురించిన పరిశోధనలో ఇద్దరేసి మనుషులు డబ్బు కోసం ఆడే చిన్న ఆట ఒకటుంది. పరస్పరం సహకరిస్తే ఇద్దరికీ లాభం, ఒకడు మోసం చేస్తే వాడికి ఎక్కువ లాభం. నియమాలు, మొత్తాలు అందరికీ ఒకటే. కొందరికి దాన్ని కమ్యూనిటీ గేమ్ అని, కొందరికి వాల్ స్ట్రీట్ గేమ్ అని పరిచయం చేశారు. మొదటి పేరు విన్నవారిలో దాదాపు మూడింట రెండు వంతులు సహకరించారు, రెండో పేరు విన్నవారిలో దాదాపు మూడో వంతు మాత్రమే. ఎవరు సహకరిస్తారో, ఎవరు మోసగిస్తారో వాళ్ళను ఎరిగినవారు ముందే వేసిన అంచనాలు పనికిరాలేదు. మనిషి స్వభావం కన్నా ఆట పేరే ఫలితాన్ని బాగా చెప్పింది.

దీనికి దగ్గరగా చెప్పుకునేది ప్రోటియస్ ప్రభావం. స్టాన్‌ఫర్డ్‌లో నిక్ యీ, జెరెమీ బేలెన్సన్ 2007లో ప్రచురించిన ప్రయోగాల్లో, పొడవైన డిజిటల్ రూపం దక్కినవారు బేరాల్లో దూకుడుగా వ్యవహరించారు. అది చూపుకు సంబంధించిన ఫలితం, పేరుకు నేరుగా అన్వయించకూడదు. అయితే క్లాస్ పేరు కూడా ఆటగాడికి ఒక వేషాన్నే తొడుగుతుంది కాబట్టి రెండింటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించడం అసంగతం కాదు.

పాలడిన్, పేరుతో వచ్చిన ధర్మం

థీఫ్‌తో పాటే గ్రేహాక్‌లో వచ్చిన పాలడిన్ కథ థీఫ్ కథకు పూర్తిగా ఎదురు. షార్లమేన్ చక్రవర్తి కొలువులోని వీరుల గాథల నుంచి వచ్చిన ఈ పేరు, ఆటలోకి పౌల్ ఆండర్సన్ నవల త్రీ హార్ట్స్ అండ్ త్రీ లయన్స్ దారిన చేరింది. పాలడిన్ కావాలంటే పాచికలు వేసినప్పుడు ఆకర్షణ అనే గుణానికి కనీసం 17 పడాలి. ధర్మపక్షం తప్పితే శక్తులన్నీ పోతాయి. అందువల్ల ఆ క్లాస్ తీసుకున్నవాడు తన ధర్మాన్నే కాక జట్టు మొత్తం ధర్మాన్ని కాపలా కాసేవాడు. ఖైదీని చంపబోయిన స్నేహితుడి మీదికే కత్తి దూసే పాలడిన్‌లకు ఆటగాళ్ళు లాఫుల్ స్టుపిడ్ అని పేరు పెట్టారు.

నియమాలు మెల్లగా సడలాయి. 2008 నాటి నాలుగో ఎడిషన్‌లో ఏ నైతిక పక్షంవాడైనా పాలడిన్ కావచ్చు. 2014 నాటి అయిదో ఎడిషన్‌లో ధర్మం బదులు ప్రమాణం వచ్చింది, ప్రతీకారాన్నే ప్రమాణంగా స్వీకరించిన పాలడిన్ కూడా ఉన్నాడు. ఇన్ని సడలింపుల తర్వాత కూడా బల్ల దగ్గర పాలడిన్ అన్న మాట వినపడగానే మిగతావారు తమ చిన్న చిన్న మోసాలు దాచుకుంటారు. పాయిజో సంస్థ ఈ ముడిని మరో దారిలో విప్పింది. 2019 నాటి పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌లో క్లాస్ పేరు చాంపియన్ అయింది, అందులో ధర్మబద్ధమైన ఒక్క శాఖకే పాలడిన్ పేరు మిగిలింది. నియమం మార్చినా పేరు బరువు తగ్గదని గ్రహించి పేరునే కుదించిన ఈ పని, ఈ రంగంలో జరిగిన అత్యంత తెలివైన సవరణల్లో ఒకటి.

జాతులు, మతాల నుంచి తెచ్చుకున్న పేర్లు

1975, 1976 సంవత్సరాల్లో వరుసగా మంక్, అసాసిన్, డ్రూయిడ్ వచ్చాయి. డ్రూయిడ్‌లు గాల్, బ్రిటన్ ప్రాంతాల కెల్ట్ సమాజాల్లో పూజారులు, న్యాయమూర్తులు, గురువులు. జూలియస్ సీజర్ తన యుద్ధ వృత్తాంతంలో వారిని అలాగే వర్ణించాడు. ఆటలో వారు అడవిని కాచేవారు, జంతువులుగా మారేవారు అయ్యారు. లక్షలమంది యువకులకు ఇప్పుడు డ్రూయిడ్ అంటే ఎలుగుబంటిగా మారేవాడే. అసాసిన్ తప్పనిసరిగా దుష్టపక్షంలో ఉండాలని మొదటి ఎడిషన్ శాసించింది. ఎనభైల్లో అమెరికాలో ఈ ఆట పిల్లల్ని దయ్యాల పూజకు లాగుతోందన్న అలజడి రేగాక, 1989 ఎడిషన్ ఆ క్లాస్‌ను ప్రధాన పుస్తకం నుంచి తొలగించింది. డెమన్, డెవిల్ అన్న మాటలను కూడా కల్పిత నామాలతో మార్చింది. రాక్షసులు అక్కడే ఉన్నారు, తల్లిదండ్రులను కలవరపెట్టిన మాటలు పోయాయి.

వీటన్నిటిలో ఎక్కువ ఆలోచించవలసిన పేరు బార్బేరియన్. గైగాక్స్ 1982లో డ్రాగన్ పత్రికలో, 1985లో అనర్త్డ్ ఆర్కేనా పుస్తకంలో దాన్ని ఇచ్చాడు. వెనకున్న స్ఫూర్తి రాబర్ట్ ఇ. హోవార్డ్ సృష్టించిన కోనన్. హోవార్డ్ కథల్లో కోనన్ దేశాలు తిరిగి ఎన్నో భాషలు నేర్చినవాడు, చివరికి రాజ్యమేలినవాడు. మూడో ఎడిషన్ మాత్రం బార్బేరియన్‌కు చదవడం, రాయడం రాదని నియమం పెట్టింది, నేర్చుకోవాలంటే నైపుణ్యాల పాయింట్లు ఖర్చుపెట్టాలి. మూలపాత్ర ఏమిటన్నది వెనక్కిపోయి, నాగరికులు పరాయివారికి తగిలించిన పేరులోని తక్కువచూపు నియమంగా అచ్చయింది. ఆ నియమం తర్వాత పోయింది, కానీ మొరటు గొంతుతో, విరిగిన వాక్యాలతో బార్బేరియన్‌ను పలికించే అలవాటు పోలేదు. ఆ క్లాస్ అసలు లక్షణం కోపావేశంతో పోరాడటం. కోపం ఏ పండితుడికైనా రావచ్చు.

2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ మంక్ శక్తికి ఉన్న కీ అనే తూర్పు ఆసియా పేరు తీసేసి ఫోకస్ అంది, రేస్ అన్న మాట బదులు స్పీషీస్ తెచ్చింది. మంక్ పేరు మాత్రం అలాగే ఉంది. యూరప్ కోటల మధ్య కుంగ్‌ఫూ సినిమాల సన్యాసిలా దిగిన ఆ పాత్ర తమ లోకానికి చెందదని అభ్యంతరం చెప్పే ఆటగాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఒట్టి చేతులతో పోరాడే మల్లుడి పేరు పెట్టి ఉంటే అదే పాత్ర ఏ కోటలోనైనా ఇమిడిపోయేది.

తెర మీద పేర్లు

కంప్యూటర్ ఆటల్లో నచ్చజెప్పడానికి రెఫరీ ఉండడు. పేరు ఒక మీట మాత్రమే, నొక్కితే అయిపోతుంది. 1981 నాటి విజర్డ్రీలో ఫైటర్, మేజ్, ప్రీస్ట్, థీఫ్ అందరికీ అందుబాటులో ఉండేవి. లార్డ్, బిషప్, సమురాయ్, నింజా కావాలంటే అరుదైన అంకెలు పడాలి. దొరకడం కష్టం కనుక ఆ పేర్లకు గౌరవం వచ్చింది. జపాన్‌లో ఈ ఆట ప్రభావం చాలా ఉంది. 1987 నాటి ఫైనల్ ఫాంటసీ మంత్రగాళ్ళను తెలుపు, నలుపు, ఎరుపు మేజ్‌లుగా విడదీసింది. బ్లాక్ మేజ్ అన్న పేరు దుర్మార్గాన్ని సూచించాలి. పొడవాటి గడ్డిటోపీ కింద రెండు పసుపు కళ్ళు మాత్రం కనిపించే ఆ చిన్న బొమ్మ ఆ భయాన్ని పూర్తిగా చెరిపేసింది. పేరును బొమ్మ జయించిన సందర్భాలు ఇలాంటివి కొద్దిగానే ఉన్నాయి.

1985లో రిచర్డ్ గ్యారియట్ అల్టిమా నాలుగో భాగంలో క్లాస్ ఎంపికనే తలకిందులు చేశాడు. ఒక జిప్సీ స్త్రీ ధర్మసంకటాలు అడుగుతుంది, జవాబులను బట్టి ఆటగాడికి ఏ సుగుణం ముఖ్యమో తేలుతుంది. శౌర్యమైతే ఫైటర్, కరుణ అయితే బార్డ్, నిజాయితీ అయితే మేజ్, గౌరవమైతే పాలడిన్. వినయానికి దక్కేది షెపర్డ్, గొర్రెల కాపరి. ఎనిమిది క్లాసుల్లో అది అన్నిటికన్నా బలహీనమైనది, మొదలయ్యే ఊరు శిథిలమై దయ్యాలు తిరిగే చోటు. వినయాన్ని ఎంచుకున్నవాడికి ఆట వినయాన్నే అనుభవానికి తెచ్చింది. క్లాస్ పేరును ఇంత లోతుగా వాడుకున్న ఆట ఆ తర్వాత అరుదు.

1988 నాటి డ్రాగన్ క్వెస్ట్ మూడో భాగంలో జులాయి అని చెప్పదగ్గ క్లాస్ ఒకటుంది. యుద్ధం మధ్యలో కోతిచేష్టలు చేస్తుంది, మాట వినదు. పనికిరానిదని పేరే చెబుతోంది కనుక చాలామంది వదిలేస్తారు. ఓపికపట్టి ఇరవయ్యో లెవెల్‌కు తెచ్చినవాడు దాన్ని ఏ ప్రత్యేక వస్తువూ లేకుండా సేజ్‌గా, అంటే జ్ఞానిగా మార్చుకోవచ్చు. 2011 నాటి డార్క్ సోల్స్‌లో డిప్రైవ్డ్, 2022 నాటి ఎల్డెన్ రింగ్‌లో రెచ్ ఇదే కోవలోవి. ఒంటి మీద కవచం లేకుండా దుడ్డుకర్రతో దిగే ఆ దీనులను అనుభవజ్ఞులు కోరి ఎంచుకుంటారు. హీనమైన పేరే వారికి సవాలు.

2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ మొదట్లో పాలడిన్‌ను అలయన్స్ పక్షానికి, షామన్‌ను హోర్డ్ పక్షానికి కేటాయించింది. 2007 దాకా అదే పద్ధతి. ఉక్కు కవచంతో ముందు నిలబడతానని పాలడిన్ తీసుకున్నవారిలో ఎందరో, పెద్ద దాడుల్లో వెనక నిలబడి తోటివారి గాయాలు మాన్పవలసి వచ్చింది. పేరుకూ పనికీ మధ్య ఇలాంటి తేడాల వల్ల కూడా ఆటగాళ్ళలో మరో పేర్ల వరుస బలపడింది: దెబ్బలు కాసేవాడు ట్యాంక్, మాన్పేవాడు హీలర్, కొట్టేవాడు డీపీఎస్. జట్టు కట్టేటప్పుడు ప్రీస్ట్ కావాలని కాక హీలర్ కావాలని పిలుస్తారు. నాలుగో ఎడిషన్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఈ ధోరణిని బాహాటంగా స్వీకరించి డిఫెండర్, స్ట్రైకర్, లీడర్, కంట్రోలర్ అనే పాత్రలను పుస్తకంలో అచ్చువేసింది. మంత్రం లేకుండా మాటతో తోటివారికి ఊపిరి పోసే వార్‌లార్డ్ అనే క్లాస్‌ను కూడా తెచ్చింది. అరిస్తే గాయాలు ఎలా మానతాయని కొందరు మండిపడ్డారు. క్లెరిక్ ప్రార్థిస్తే మానే గాయాల గురించి ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు, ఎందుకంటే ఆ పేరు సమాధానాన్ని వెంట తెచ్చుకుంది.

క్లాసులు లేని ఆటలు, కొత్త పేర్లు

1977 నాటి ట్రావెలర్, 1978 నాటి రూన్‌క్వెస్ట్ క్లాసులు లేకుండా నైపుణ్యాలతోనే నడిచాయి. 1986లో వచ్చిన వార్‌హామర్ ఫాంటసీ రోల్‌ప్లే వీరుల పేర్లు వదిలి వృత్తుల పేర్లు పట్టుకుంది. అందులో ఎలుకలు పట్టేవాడు కూడా ఉన్నాడు, ఒక చిన్న కరిచే కుక్కతో సహా. ఆ ఒక్క పేరుతో ఆటగాడికి తన ఊరు, తన పేదరికం, తన ఒంటి వాసన తెలిసిపోతాయి. 2002 నాటి మారోవిండ్ ఆటగాడు సొంత క్లాస్‌ను కూర్చి దానికి తానే పేరు పెట్టుకోనిచ్చింది. అదే వరుసలో 2011లో వచ్చిన స్కైరిమ్ క్లాసులను ఎత్తేసింది, కానీ దారిపక్కన వారియర్, మేజ్, థీఫ్ పేర్లతో మూడు రాళ్ళు నిలబెట్టింది.

2010లో అపోకలిప్స్ వరల్డ్ మొదలుపెట్టిన ధోరణిలో, 2017 నాటి బ్లేడ్స్ ఇన్ ద డార్క్‌కు జాన్ హార్పర్ పెట్టిన పేర్లు నేరగాళ్ళ వాడుకభాషలా ఉంటాయి: కట్టర్, హౌండ్, లీచ్, లర్క్, స్లైడ్, స్పైడర్, విస్పర్. ఇవి ఏ పురాణం నుంచీ, ఏ జాతి నుంచీ రాలేదు. విస్పర్ అంటే ప్రేతాత్మలతో వ్యవహరించేదని పేరు విని ఎవరూ ఊహించలేరు. అందుకని ప్రతి పేరు కిందా ఆ మనిషి ఎవరో చెప్పే చిన్న వివరణ అచ్చువేయవలసి వచ్చింది, ఆటగాళ్ళు దాన్ని చదివాకే ఎంచుకుంటారు.